ఆరో గవాచి

దయ్యాల మీద నాకు ఎన్నడూ నమ్మకం లేదు. చిత్తూరులో కాంట్రాక్టు పనులు చేసిన ఇరవై ఏళ్లలో పాత కట్టడాలు ఎన్నో విప్పించాను. పాములు కనిపించాయి, గబ్బిలాలు కనిపించాయి, ఇంకేమీ కనిపించలేదు. ఈ సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పకపోవడానికి అది ఒక కారణం. రెండోది, ఇందులో నా తప్పు ఉంది.

ఎనభైల మొదట్లో మాట. కరెంటు కోతలు ఎక్కువగా ఉండేవి. బజారులో ఒక శెట్టిగారికి బెల్లం మండీ ఉండేది. ఆయన తాత కట్టించిన సున్నపు మిద్దె. గాలీ వెలుతురూ రావడానికి కప్పులో ఆరు కంతలు వదిలారు. మా వైపు వాటిని గవాచీలంటారు. కోతుల బాధ పడలేక ఎప్పుడో మూసేశారు. అప్పటినుంచి లోపల పట్టపగలే లైట్లు, ఫ్యాన్లు. కరెంటు పోతే చీకటి, ఉక్క. బెల్లం చెమర్చేది. కరెంటు ఖర్చు తగ్గేలా, అది లేకున్నా పని నడిచేలా మండీని బాగుచేయమని శెట్టిగారు నాకు అప్పజెప్పారు.

నేను డిప్లొమా చదివినవాణ్ణే గాని సున్నం పని తెలియదు. ఐరాల నుంచి గంగప్ప మేస్త్రీని పిలిపించాను. డెబ్బై దాటిన మనిషి. వచ్చి తాపీ ముట్టలేదు. రెండు రోజులపాటు వెలిగించిన ఊదుబత్తి పట్టుకుని మూలమూలనా నిలబడి, పొగ ఎటు పోతుందో చూశాడు.

"ఏం మేస్త్రీ, మండీకి పూజ చేస్తాండావా?" అన్నాను. కూలీలు నవ్వారు.

"నువ్వు కాగితం సూస్తాండావు, నేను గాలిని సూస్తాండా సామీ. ఎవురి పని వాళ్లది," అన్నాడు.

గవాచీలు తెరిచి, కోతులు దూరకుండా కమ్మీలు పెట్టి, వాన పడకుండా పైన చిన్న గొడుగులు కట్టాలన్నాడు. గోడల అడుగున పూడ్చేసిన కంతలు కూడా తీయాలన్నాడు. ఐదు గవాచీలు తెరిచేసరికే పగలు లైటు అక్కర లేకపోయింది. వేడి పైకి పోయి, కింద నుంచి చల్లగాలి వచ్చేది. శెట్టిగారు మెచ్చుకుంటే, ఆలోచన నాదే అన్నట్టు ఊరుకున్నాను.

ఆరోదాని దగ్గర తొందరపడ్డాను. సున్నం ఆరడానికి రోజులు పడతాయని, గంగప్ప ఊరికి వెళ్లిన పూట చూసి, దాని అంచు సిమెంటుతో కట్టించేశాను. పాత సున్నానికి సిమెంటు అతకదని ఆయన ముందే చెప్పి ఉన్నాడు. దీపావళి ముందు పడిన వానకు ఆ అంచు చిట్లి, నీళ్లు కారి, కింద పేర్చిన బెల్లం కరిగిపోయింది.

ఎవరి పని ఇదని శెట్టిగారు అందరి ముందూ అడిగారు. "గంగప్ప పని," అన్నాను.

ఆ ఒక్క మాటతో బజారులో ఆయనను మళ్లీ ఎవరూ పనికి పిలవరని నాకు తెలుసు. తెలిసే అన్నాను. గంగప్ప నా వైపు చూశాడు. తాపీ కడుక్కుని, సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

వానలు వెలిశాక చూద్దామని మిద్దె మీదికి పోయే తలుపుకు తాళం వేశాను. తాళంచెవి ఒక్కటే. అది నా దగ్గరే ఉంది.

తర్వాత మరో రెండు పెద్ద వానలు పడ్డాయి. ఒకరోజు పొద్దున శెట్టిగారు, "కారేది నిలిచిపోయిందే అప్పా, ఎప్పుడు చేయిస్తివి?" అన్నారు. నేనే చేయించినట్టు తల ఊపి, పైకి వెళ్లాను.

సిమెంటు లేదు. అంచు చుట్టూ సున్నం, గుడ్డుపెంకులా నున్నగా ఉంది. గంగప్ప పని ముగించే చోట బొటనవేలితో ఒక గుంట నొక్కేవాడు. మిగతా ఐదింటికీ ఉంది, దీనికీ ఉంది. గోటితో గీకాను. రాలలేదు. అంత గట్టిపడాలంటే వరసగా ఎన్నో ఎండ రోజులు కావాలి. అప్పుడు రోజూ ముసురే.

ఏ కూలీనో తోడు తెచ్చుకుని ముసలాయన గోడెక్కి వచ్చి ఉంటాడనుకున్నాను. సిగ్గేసింది. మధ్యాహ్నం బస్సుకే ఐరాల వెళ్లాను.

గంగప్ప మంచంలో ఉన్నాడు. మండీ నుంచి వెళ్లిన మరునాడే పక్షవాతం వచ్చిందట. కుడిచెయ్యి కదలదు.

"ఆ పొద్దు పడినోడు లేసిందే లేదు సామీ. నేనే ఎత్తి కూసోబెట్టాల," అంది ఆయన భార్య. పక్కింటివాళ్లూ అదే చెప్పారు.

ఆయన నన్ను గుర్తుపట్టాడు. మాట ముద్దగా వచ్చింది. "ఆరోది... అంచు ఆరిందా సామీ?" అన్నాడు.

నేను మంచం పక్కన కింద కూర్చున్నాను. తప్పు నాదని చెప్పాను.

"నాకు సెప్తే ఏమొస్తాది? నాకు తెల్సిందే గదా. శెట్టికి సెప్పు," అన్నాడు.

ఆ సాయంత్రమే, ఆ కూలీల ముందరే శెట్టిగారికి చెప్పాను. ఆయన నన్ను తిట్టలేదు. మరునాడు తానే ఐరాల వెళ్లి గంగప్ప మంచం దగ్గర కూర్చుని వచ్చారు. నాకు మళ్లీ పని ఇవ్వలేదు. గంగప్ప మాఘమాసంలో పోయాడు.

ఆ అంచు ఎవరు కట్టారో నాకు ఈనాటికీ తెలియదు. తెలిసిన ఇంజనీర్లను అడిగాను, సున్నం మేస్త్రీలను అడిగాను. నువ్వే ఎక్కడో పొరబడి ఉంటావన్నారు. కావచ్చు. ఒక అబద్ధంతో ఒక మనిషి పేరు చెడగొట్టినవాణ్ణి, నా మాట నమ్మమని అడిగే హక్కు నాకు లేదు. నేను చూసింది మాత్రం ఇదే.