గడప బయట టీచరమ్మ

బడికి పోలేని పిల్లలకు ఇంటికే వచ్చి చదువు చెప్తారన్న కబురు నాకు మొదట తెచ్చింది, గుడియాత్తంలో మా వీధికి పూలు తెచ్చే మునెమ్మక్క. నడక, మాట రాని నా కూతురికి అప్పుడు ఎనిమిదేళ్లు. దారాలు లాగేస్తుందని దాన్ని మగ్గం వెనక గోడవైపు తిప్పి కూర్చోబెట్టేదాన్ని.

ప్రతి గురువారం వేలూరు నుంచి సర్కారు టీచరమ్మ మోకాళ్ల నొప్పితో కుంటుకుంటూనే బస్సులో వచ్చేది. గడప బయటే నిలబడి, "పాపా, లోపలికి రావచ్చునా?" అని అడిగేది.

"రాండమ్మా, దానికేం తెలుస్తాది?" అన్నాను మొదటిరోజు.

"నేను వచ్చింది పాప కోసరం కదమ్మా. ముందు పాపని ఈపక్కకు తిప్పు."

తిప్పాను. పాప తనవైపు చూసేదాకా ఆమె కదల్లేదు. ప్రతి వారమూ అంతే.

"ఇంటికి పెద్దదాన్ని నేనుండాను, నన్నడగరాదా?" అని మా అత్త ఎగతాళి చేసింది.

"నీకు చదువు చెప్పేటప్పుడు నిన్నే అడుగుతాలే అవ్వా!"

ఒక గురువారం టీచరమ్మ నోరు తెరవకముందే పాప చెయ్యి చాచి, "రా" అంది. మగ్గంలో నేస్తున్న నా చేతిలోంచి దారపు కండె ఉన్న నాడె జారిపోయింది. ఆ ఒక్క మాట కోసం నేను మొక్కని దేవుడు లేడు.

ఇప్పుడు పాప చక్రాల కుర్చీలో బడికి పోతోంది. టీచరమ్మకు నెమిలి అనే ఊరి వైపు బదిలీ అయింది. మీరు సాయంత్రం దీపం పెట్టేటప్పుడు, మోకాళ్ల నొప్పితోనే బస్సులెక్కి తిరిగే ఆ తల్లిని ఒక్కసారి తలచుకోండి.