ఏ స్థానమూ లేని ఆటగాడు

నా చిన్నప్పుడు కెనడాలోని సస్కటూన్‌లో ఒకరోజు నాకు వచ్చిన కోపం అరవై దాటినా చల్లారలేదు. చల్లార్చుకోవాలని నేను అనుకోనూ లేదు.

మా నాన్నగారు అక్కడ యూనివర్సిటీలో పాఠాలు చెప్పేవారు. నేను స్కూల్లో సాఫ్ట్‌బాల్ అని, బేస్‌బాల్ లాంటి ఆట ఆడేదాన్ని. బ్యాటు పట్టినవాళ్లకి బంతి విసరడమంటే నాకు ప్రాణం, బాగానే విసిరేదాన్ని కూడా. కానీ మా టీచరమ్మ బంతి నా చేతికిస్తేగా! ఎవరికి జ్వరమొస్తే వాళ్ల చోట నన్ను నిలబెట్టేది. పైగా, ఈ పిల్ల ఎక్కడైనా ఆడుతుందని నలుగురిలో పొగిడేది. ఆ పొగడ్త మింగలేక, కక్కలేక ఇంటికొచ్చి ఏడిస్తే మా అమ్మ, "సర్దుకుపోవే తల్లీ, ఎక్కడైతే ఏం, ఆడనిస్తున్నారుగా!" అనేది. మనవాళ్లకి సర్దుకుపోవడం ఒక వ్రతం. అదీ ఆడపిల్లల చేతే చేయిస్తారు.

మా పక్కింటి అంకుల్ ఒకప్పుడు ఫుట్‌బాల్ ఆడి బతికిన మనిషి. అక్కడి ఫుట్‌బాల్ అంటే కోడిగుడ్డు ఆకారం బంతిని చంకలో ఇరికించుకుని పరిగెత్తే ఆట. నా గోడు ఆయనకి ఫెన్సు మీదుగా చెప్పుకున్నాను. ఆయన, శనివారం బంగాళాదుంపలు తవ్వాలి, సాయానికి రమ్మన్నారు.

వెళ్లాను. మట్టిలోంచి దుంపలు కనబడే వేళకి, వెళ్లి ఫెన్సుకి రంగు వెయ్యమన్నారు. రంగు సగంలో ఉండగా మొక్కలకి నీళ్లు పట్టమన్నారు. నీళ్లు పడుతుంటే గ్యారేజీ ఊడవమన్నారు. వాళ్లబ్బాయి మాత్రం పొద్దుటినుంచీ దుంపలే ఏరుకుంటూ కూర్చున్నాడు. సాయంత్రం ఆంటీ రాగానే అంకుల్ బుట్ట చూపించి, ఇవన్నీ మనవాడే తీశాడన్నారు. ఆంటీ వాడిని ముద్దు పెట్టుకుంది. మరి ఈ పిల్లేం చేసిందని ఆవిడ అడిగితే, "ఏది చెప్తే అది చేసింది," అన్నారు, అంతే.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చేతిలో చీపురు గోడకేసి కొట్టి, ఇదేం న్యాయమని అరిచాను.

ఆయన నవ్వలేదు. మెట్ల మీద కూర్చుని తన సంగతి చెప్పారు. బంతి పట్టుకుని పరిగెత్తడానికే ఆయన్ని టీములోకి తీసుకున్నారట. అవతలివాళ్లని పడగొట్టేవాడి కాలు విరిగితే ఆ చోట నిలబెట్టారు. బంతి తన్నేవాడు మానేస్తే ఆ పనీ అంటగట్టారు. అన్నీ చేశారు, అన్నీ బాగా చేశారు. ఏటా ఒక్కో స్థానానికి ఒక్కో ఉత్తమ ఆటగాణ్ణి ఎంచేటప్పుడు మాత్రం, ఈయన్ని ఎక్కడ లెక్కెయ్యాలో ఎవరికీ తెలిసేది కాదు. ఎక్కడా ఎంచలేదు. మోకాలు పాడయ్యాక షేక్‌హ్యాండ్ ఇచ్చి పంపేశారు.

"నేనెప్పుడూ నీలా చీపురు విసరలేదు," అన్నారు. "విసరాల్సింది."

సోమవారం టీచరమ్మతో, బంతి విసరనిస్తేనే ఆడతానని చెప్పాను. అయితే కూర్చోమంది. ఆ ఏడంతా కూర్చున్నాను. మిగతా పిల్లలు ఆడుతుంటే ఏడుపొచ్చేది. మా అమ్మ మొండిఘటమని తిట్టింది. నేను మాత్రం మాట మార్చలేదు. మరుసటేడు కొత్త టీచరు వచ్చి, మీలో బంతి విసిరేదెవరని అడిగితే, అమ్మాయిలందరూ నా వైపు తిరిగారు.

పెద్దయ్యాక నన్ను ఫ్లెక్సిబుల్ అని మెచ్చుకున్న ప్రతి మేనేజర్‌నీ, ముందు నా పోస్టేమిటో చెప్పమని అడిగాను. కొందరికి నచ్చలేదు. నచ్చకపోతే నాకేం?

అంకుల్ పోయినప్పుడు ఊరి పేపర్లో నాలుగు లైన్లు వేశారు, ఏ స్థానంలో పెట్టినా ఆడిన మనిషని. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ ఆఫీసుకి ఫోన్ చేసి, అది పొగడ్త కాదు, ఆయనకి పరిగెత్తడం ఇష్టం, ఆ ముక్క రాయండని అరిచాను. వాళ్లు రాయలేదు. అందుకే నేను రాస్తున్నాను. తనకోసం ఆయన ఏనాడూ పడని కోపం, ఈ రోజుకీ ఆయన తరఫున నేనే పడుతున్నాను.