అన్నవరం మెట్ల మీద ఫస్ట్ ర్యాంకు

మా హైస్కూల్లో లెక్కల మాస్టారిది ఒక పద్ధతి. జవాబు తెలియనివాడి నెత్తిన తెలిసినవాడు మొట్టికాయ వెయ్యాలి. తిన్నవాడు గ్రౌండు చుట్టూ ఒక రౌండు పరుగెత్తి రావాలి. నేను ఫస్ట్ ర్యాంకు కాబట్టి పదో తరగతి దాటేదాకా నాకు పరుగెత్తే అవసరం రాలేదు. మెల్లగా వేస్తే మాస్టారు నన్ను కొడతారని గట్టిగా వేసేవాణ్ణి, అని చాలాకాలం చెప్పుకున్నాను. నిజానికి ఆ సమయంలో ఆయన పేపరు చదువుకునేవారు.

నా చేత ఎక్కువ తిన్నది ఉప్పాడ నుంచి బస్సులో వచ్చే చేపలవాళ్ళ అబ్బాయి. రోజుకి నాలుగైదు రౌండ్లు తిరిగేవాడు. డ్రిల్లు పీరియడ్లో కూడా లెక్కల మాస్టారు నన్ను నీడన కూర్చోబెట్టి మార్కులు కూడించేవారు. బుర్ర ఉన్నవాడికి ఒంటితో పనేంటని ఆయన అభిప్రాయం. దాన్ని నేను గౌరవించాను, నలభై తొమ్మిదో ఏట గుండెకు స్టెంటు పడేదాకా.

చదువుకున్నవారు, నడవాలని మీకు తెలియదా అని డాక్టరు అడిగాడు. తెలుసు. తెలుసుకోవడం వరకే నాకు అలవాటు.

నేను ఆపరేషన్ గదిలో ఉండగా మా ఆవిడ మొక్కుకుంది. నేను బతికి బయటపడితే, నా కాళ్ళతోనే నా చేత అన్నవరం కొండ మెట్లన్నీ ఎక్కించి ముడుపు చెల్లిస్తానని. నన్ను అడగలేదు. అడిగే వీలూ లేదు. ఆర్నెల్లకి డాక్టరు సరేనన్నాక బయల్దేరాం.

సగం కూడా కాకముందే కూలబడ్డాను. ఆవిడ మొహం పాలిపోయింది. మొక్కు చెల్లకపోతే దేవుడు ఇచ్చింది వెనక్కి తీసుకుంటాడని ఆవిడ నమ్మకం. ఇచ్చింది అంటే నేను.

దర్శనం చేసుకుని దిగుతున్న ఒకాయన ఆగాడు. నల్లగా, గెడకర్రలా ఉన్నాడు. నేను గుర్తుపట్టలేదు. అతను పట్టాడు. ఆ ఉప్పాడ అబ్బాయే. ఇప్పటికీ సముద్రం మీద చేపల వేటకి వెళ్తున్నాడట.

"మా క్లాసులో ఫస్టొచ్చేవారండి," అని మా ఆవిడతో చెప్పాడు. "చెయ్యి మహా బరువండి ఆరిది. ఇప్పుడు ఒళ్ళు కూడానండి."

ఆవిడ నవ్వింది. ఆర్నెల్లలో అదే మొదలు.

నన్ను తన వీపెక్కమన్నాడు. సొంత కాళ్ళతోనని మొక్కుకున్నానంటూ ఆవిడ ఒప్పుకోలేదు. అయితే నా పేరున తానే మళ్ళీ ఎక్కుతానన్నాడు. అలా చెల్లుతుందా అని ఆవిడ అనుమానం.

"చిన్నప్పుడు మా ఇద్దరి పరుగూ నేనే పరిగెట్టేశానమ్మా. ఈ మెట్లెంతండి."

లేవబోయాను.

"మీరు కూర్చోండి," అంది మా ఆవిడ. నా చేతిలోంచి ముడుపు తీసి అతని చేతిలో పెట్టింది. నా పేరూ గోత్రమూ ఒకసారి చెప్పి అప్పజెప్పమంది. తప్పు లేకుండా అప్పజెప్పాడు.

ఇద్దరూ ఎక్కసాగారు. పది మెట్లు పోయాక ఆవిడ ఆగి వెనక్కి తిరిగింది. నా కోసమేననుకుని చెయ్యి ఊపాను. కొబ్బరికాయల సంచీ నా పక్కనే ఉండిపోయిందట. అతను గబగబా దిగొచ్చి, సంచీ భుజాన వేసుకుని, మళ్ళీ ఎక్కాడు. రొప్పలేదు.