బేసి సంవత్సరాలు కరుణమ్మవి

1976 జూన్‌లో నన్ను నంద్యాల నుంచి ఆళ్లగడ్డ తాలూకా ఆసుపత్రికి ప్రసూతి వార్డు స్టాఫ్ నర్సుగా బదిలీ చేశారు. మావారు నంద్యాలలో బడిపంతులు. పిల్లలిద్దరూ చిన్నవాళ్ళు. వాళ్ళను మా అత్తగారి దగ్గర వదిలి, ఆళ్లగడ్డలో ఒక గది అద్దెకు తీసుకుని, వారానికొకసారి బస్సులో ఇంటికి వెళ్ళి వచ్చేదాన్ని.

వార్డులో నాకంటే ముందు నుంచి కరుణమ్మ అనే నర్సు ఉండేది. నాకంటే చాలా పెద్దది. చిన్నవయసులోనే భర్త పోయాడు. పిల్లలు లేరు. నంద్యాలలో తమ్ముడి ఇల్లు ఉన్నా, తను ఆసుపత్రి ఆవరణలోని క్వార్టర్‌లోనే కాపురం. ఊళ్ళో వాళ్ళు ఆమెను పెద్ద నర్సమ్మ అనేవారు. నేను చేరిన వారానికల్లా చిన్న నర్సమ్మనయ్యాను.

ప్రసూతి వార్డుకు మేమిద్దరమే. ఒకరు పగలు చేస్తే ఒకరు రాత్రి. అంటే మేము కలుసుకునేది చార్జి ఇచ్చి పుచ్చుకునేటప్పుడు మాత్రమే. చార్జి ఇవ్వడమంటే దిగిపోయే నర్సు ఎక్కే నర్సును మంచం మంచం దగ్గరికీ తీసుకుపోయి, ఏ తల్లికి నొప్పులు ఎంతవరకు వచ్చాయి, ఎవరికి రక్తస్రావం చూడాలి, ఏ బిడ్డ పాలు తాగలేదు అన్నీ చెప్పి, కాన్పు గదిలో పనిముట్లు లెక్క చూపించి వెళ్ళడం. కరుణమ్మ ఈ పని ఎప్పుడూ కుదించేది కాదు. చివర్లో మాత్రం ఒక మాట అనేది: "ఇంగ నీ బాధ నీది, నా నిద్ర నాది."

ఒకరు సెలవు పెడితే రెండో మనిషి పగలూ రాత్రీ ఆసుపత్రిలోనే ఉండాలి. ఆయా నాగమ్మ సాయంగా ఉండేది, కాన్పు లేనప్పుడు డ్యూటీ గదిలో నడుం వాల్చేవాళ్ళం. ఎక్కువ రోజులైతే నంద్యాల నుంచి బదులు మనిషిని అడగాలి. వాళ్ళకూ మనుషులు తక్కువే. సెలవు హక్కు కాదని ప్రభుత్వ నిబంధనల్లోనే ఉంది. చిన్న ఆసుపత్రిలో ఆ వాక్యానికి అర్థం తొందరగా తెలిసొస్తుంది.

మామూలుగా ఇలాంటి చోట హిందువు ఒకరు, క్రైస్తవురాలు ఒకరు ఉంటే చిక్కు ఉండదు. ఉగాదికి ఒకరు, క్రిస్మస్‌కి ఒకరు. మేమిద్దరమూ క్రైస్తవులమే. పైగా ఇద్దరిదీ నంద్యాలలో ఒకే చర్చి. ఏడాదంతా ఇద్దరమూ కోరుకునేది ఆ ఒక్క పండుగే.

ఆ డిసెంబరులో డాక్టరుగారు మా ఇద్దరినీ పిలిచారు. ఆయన మంచివాడు. తన దృష్టిలో న్యాయమైన మాటే చెప్పారు. సుగుణకు పిల్లలున్నారు, కరుణమ్మ ఒంటరి మనిషి, కాబట్టి క్రిస్మస్‌కి ఏటా సుగుణ వెళ్ళాలి, కరుణమ్మ ఈస్టరు తీసుకోవాలి అన్నారు. లోపల నాకూ అదే న్యాయమనిపించింది.

కరుణమ్మ కోప్పడలేదు. "ఒంటిమనిషికి పండగ లేదా సార్?" అని మాత్రం అడిగింది.

మీరే తేల్చుకోండి అన్నారు డాక్టరుగారు. అప్పుడు ఆమే నా వైపు తిరిగి తీర్పు చెప్పింది. "ఈ యేడు నువ్వు పో. వచ్చే యేడు నాది. ఆపైన మల్లా నీది. నీ పిల్లోళ్ళు పెద్దోళ్ళయినా అంతే, నేను ముసిల్దాన్నయినా అంతే. మార్చుకునేది ల్యా. ఒకతూరి మార్చుకుంటే ఇంగ ఎవరి వంతు ఎవరిదో దేవునిక్కూడా తెలీదు."

అలా సరి సంవత్సరాలు నావి, బేసి సంవత్సరాలు ఆమెవి అయ్యాయి. క్రిస్మస్‌కి ఆగిపోయినవాళ్ళకు ఆ తర్వాత వచ్చే ఈస్టరు. ఇంతకంటే వేరే ఒప్పందం మా మధ్య ఎప్పుడూ లేదు.

మొదటి రెండు మూడేళ్ళు నేను దీన్ని సర్దుబాటుగానే చూశాను. బేసి సంవత్సరం డిసెంబరు రాగానే పిల్లల మీద బెంగ పుట్టేది. ఆ తర్వాత క్రమంగా ఇంకో రకం బెంగ మొదలైంది. కాన్పు గదిలో ఆమె చెయ్యి చూసి నేర్చుకున్నదే నా పనిలో చాలా భాగం. బిడ్డ అడ్డం తిరిగిందని నేను భయపడినప్పుడు ఆమె క్వార్టర్ నుంచి జుట్టు ముడి వేసుకుంటూ వచ్చి పక్కన నిలబడేది. తను చెయ్యి పెట్టకుండా నా చేతనే చేయించేది. రాత్రి డ్యూటీ దిగాక ఆమె చదివే పాత పుస్తకాలను తర్వాత నేనూ చదివేదాన్ని. నా గురించి అంత బాగా తెలిసిన మనిషి ఇంకొకరు లేరు. కానీ ఆ మనిషితో కలిసి నేను ఎక్కడికీ వెళ్ళింది లేదు. ఆమె తమ్ముడి కూతురి పెళ్ళికి ఆమె పోయింది కాబట్టి నేను పోలేదు. మా ఇంటి గృహప్రవేశానికి నేను పోయాను కాబట్టి ఆమె రాలేదు. మా సెలవులు ఎంత న్యాయంగా ఉండేవో మేము అంత విడిగా ఉండేవాళ్ళం.

మా చర్చిలో ఆడవాళ్ళ వైపు కిటికీ పక్కన ఒక బెంచీ ఉంది. ఆమె వచ్చిన ఏడు ఆమె అక్కడ కూర్చునేది. నేను వెళ్ళిన ఏడు, నాకు తెలియకుండానే, అదే చోట కూర్చునేదాన్ని. ఈ సంగతి గమనించింది పాస్టరుగారి భార్య. ఒకసారి నాతో అంది: "ఏమ్మే సుగుణా, మీరిద్దరూ నిజంగా ఇద్దరేనా? ఒగే మనిషి చీర మార్చుకోని వస్తాండారేమో అని మాకు అనుమానం."

నేను ఆళ్లగడ్డకు తిరిగొచ్చి ఈ మాట చెబితే కరుణమ్మ నవ్వి, "ఒక్క యేడన్నా ఇద్దరం పోయి కూచుంటే ఆయమ్మ నోరు మూతపడ్తాది" అంది. ఆమె తనకంటూ ఏదైనా కావాలన్నట్టు మాట్లాడటం నేను వినడం అదే మొదలు.

ఆ మాట తర్వాత ఏటా ఇద్దరికీ కలిపి సెలవు కోసం రాశాం. ఏటా బదులు మనిషి లేరని జవాబొచ్చేది. 1984లో కుదిరింది. 1985 జూన్‌కి కరుణమ్మ రిటైరవుతుంది కాబట్టి అది ఆమె సర్వీసులో చివరి క్రిస్మస్ అని డాక్టరుగారు పైకి గట్టిగా రాశారు. నంద్యాల నుంచి జైనాబీ అనే నర్సును రెండు రోజులకు పంపడానికి ఒప్పుకున్నారు. జైనాబీ మాకిద్దరికీ తెలిసిన మనిషే. "మీ పండక్కి నేను, మా పండక్కి మీరిద్దర్లో ఒకరు" అని ముందే మాట తీసుకుంది.

డిసెంబరు ఇరవైనాలుగున పగలు డ్యూటీ నాది. జైనాబీ మధ్యాహ్నం బస్సుకు వస్తే ఆమెకు చార్జి ఇచ్చి, ఇద్దరం సాయంత్రం బస్సుకు పోవాలని. కరుణమ్మ పన్నెండింటికే సంచి తెచ్చి డ్యూటీ గదిలో పెట్టింది. తెల్ల చీర విప్పేసి నేత చీర కట్టుకుని ఉంది. నాగమ్మ ఆమెను కిందా మీదా చూసి, "పెండ్లికూతురు మాదిరి ఉండావు పెద్ద నర్సమ్మా" అంది. "పెండ్లికొడుకు బస్సులో వస్తాండాడు" అంది కరుణమ్మ.

బస్సు వచ్చింది, జైనాబీ రాలేదు. కండక్టరు ఆసుపత్రి గేటు దాకా వచ్చి కబురు చెప్పి పోయాడు. జైనాబీ కూతురికి తెల్లవారుజామున నొప్పులు మొదలయ్యాయట. నెల తక్కువ కాన్పు. ఏం చెయ్యమంటారో చెప్పండి అని అడగమందట.

ఏం చెయ్యమంటాం. కాన్పులు చేసేవాళ్ళం, ఆ జవాబు మాకు తెలుసు.

వార్డులో అప్పటికి ముగ్గురు బాలింతలు, నొప్పులు పడుతున్న మనిషి ఒకామె ఉన్నారు. ఇద్దరిలో ఒకరు ఆగాలి. డాక్టరుగారు ఆలోచించకుండానే కరుణమ్మను వెళ్ళమన్నారు. నేనూ అదే అన్నాను. సర్వీసులో చివరి పండుగ, నువ్వే పోవాలక్కా అన్నాను.

"పోయిన యేడు పోయొచ్చినా కదా సార్" అంది ఆమె. "ఇది సరి సంవత్సరం."

నేను వదల్లేదు. ఈ ఒక్కసారికి మార్చుకుందాం అని బతిమాలాను. అప్పుడు ఆమె నన్ను పక్కకు తీసుకుపోయి, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది. "చూడు. జూన్‌కి నా పని అయిపోతాది. ఆ పైన అన్ని క్రిస్మస్‌లూ నావే. నన్ను ఆపేవాళ్ళెవరు? నీకు వంతు వచ్చినప్పుడల్లా నీ పక్కన కూచుంటా. నీకింకా శానా సర్వీసుండాది. నీ వంతు పోగొట్టుకోవాకు. పో, పిల్లోళ్ళు చూస్తాంటారు."

ఆ వాదనలో తప్పేమీ కనబడలేదు. ఇప్పటికీ కనబడదు.

ఆమె సంచిలోంచి మళ్ళీ తెల్ల చీర తీసి కట్టుకుని వచ్చింది. "ఊఁ, చార్జి ఇయ్యి" అంది. జైనాబీకి ఇవ్వవలసిన చార్జి ఆమెకు ఇచ్చాను. మంచం మంచం దగ్గరా చెప్పాను. ఆ ఒక్కరోజు ఆ పని తొందరగా ముగించాలనిపించింది. ఆమె ముగించనివ్వలేదు.

మర్నాడు చర్చిలో బెంచీ మీద నా పక్కన కొంచెం చోటు వదిలి కూర్చున్నాను. పాస్టరుగారి భార్య ఆ చోటు చూసి, ముందు బెంచీలోకి పోయి కూర్చుంది.

కరుణమ్మ జూన్‌లో రిటైరై తమ్ముడింటికి వెళ్ళిపోయింది. ఆమె స్థానంలో విజయ అనే అమ్మాయి వచ్చింది. ఆమెదీ మా మతమే. కరుణమ్మ వంతు ఆ అమ్మాయికి సంక్రమించింది. 1985 బేసి సంవత్సరం. విజయ ఇంటికి పోయింది, నేను ఆగాను.

క్రిస్మస్ రోజు ఉదయం వార్డు వరండాలో కరుణమ్మ కనబడింది. చేతిలో క్యారియరు, ఒంటి మీద ఆ నేత చీరే. చర్చి మానుకుని మొదటి బస్సుకు వచ్చేసింది.

"ఇదేందక్కా, నీ పండగ వదిలిపెట్టుకోని" అన్నాను.

"నువ్వు రాలేవు, నేను రాగలను. ఇందులో లెక్కేముండాది" అంది.

ఇద్దరం కలిసి తినాలని క్యారియరు విప్పబోతుండగా ఉయ్యాలవాడ వైపు నుంచి ట్రాక్టరులో తొలికాన్పు మనిషిని తెచ్చారు. నొప్పులు ముదిరి ఉన్నాయి. బిడ్డ గుండె చప్పుడు నాకు నచ్చలేదు. డాక్టరుగారికి కబురు పంపి నేను లోపలికి పోయాను. కరుణమ్మ తలుపు దాకా వచ్చి ఆగిపోయింది. ఉద్యోగంలో లేని మనిషి కాన్పు గదిలో చెయ్యి పెట్టకూడదు. ఆ నియమం నాకు నేర్పింది ఆమే.

ఆ కాన్పు మధ్యాహ్నం దాటినా కాలేదు. తలుపుకు అవతల ఆమె గొంతు వినబడుతూనే ఉంది. ఆ అమ్మాయి అత్త లోపలికి రావాలని గోల పెడుతుంటే, "యాడికి పోతాండావు? లోపలికి పోయి నువ్వు కంటావా?" అని అడ్డుకుంది. ఆ అత్త, కోడలికి ఓర్పు లేదని సాధిస్తుంటే, "నువ్వు కనేటప్పుడు ఊరంతా వినపడిందని నీ మొగుడే చెప్తాండాడే" అంది. అక్కడున్న మగవాళ్ళు నవ్వారు. నొప్పుల మధ్య ఆ అమ్మాయి కూడా కొంచెం నవ్వింది. నాగమ్మ వేడినీళ్ళకు బయటికి పోయి వచ్చి, "పెద్ద నర్సమ్మకు చేతులు దురద పెడతాండాయంట" అని చెప్పింది.

బిడ్డ సాయంత్రానికి పుట్టింది. ఆడపిల్ల. మొదట ఏడవలేదు, తర్వాత ఏడ్చింది. తల్లికి కుట్లు వేసి, బిడ్డను తుడిచి అప్పగించి, చేతులు కడుక్కుని నేను వరండాలోకి వచ్చేసరికి బెంచీ ఖాళీగా ఉంది. నంద్యాల బస్సు వేళ దాటితే ఆమెకు మళ్ళీ బస్సు లేదు.

నాగమ్మ క్యారియరు తెచ్చి ఇచ్చింది. ఆమె తన వంతు కూడా తినకుండా పోయిందని చెప్పింది. ఇంకో మాట చెప్పమందట: "వచ్చే యేడు సరి సంవత్సరం. కిటికీ పక్కన చోటు పట్టి పెడతానని చెప్పు."

1986 అక్టోబరులో కరుణమ్మ చనిపోయింది. జ్వరమని పడుకుని నాలుగు రోజుల్లో పోయింది. కబురు రాగానే విజయ నా చేతిలోంచి తాళాలు తీసుకుని, చార్జి కూడా అడగకుండా నన్ను బస్సెక్కించింది. సమాధి కార్యక్రమానికి అందుకున్నాను. ఆ డిసెంబరులో నా వంతు ప్రకారం చర్చికి వెళ్ళాను. కిటికీ పక్కన పాస్టరుగారి భార్య శాలువా పరిచి చోటు పట్టి ఉంచింది. ఇద్దరికి సరిపడా ఉంది. నేను ఒక చివర కూర్చున్నాను. రెండో చివర ఎవరూ కూర్చోలేదు.

1988లో హెడ్ నర్సుగా పదోన్నతి మీద నంద్యాలకు వచ్చాను. సెలవుల పట్టిక వేయడం నా పనుల్లో ఒకటి. పండుగలు పంచడం కష్టం కాదు. వంతులు పెట్టి, పిల్లలున్నవాళ్ళకూ లేనివాళ్ళకూ ఒకే నియమం పాటిస్తే ఎవరూ ఫిర్యాదు చేయరు. ఆ సంగతి నాకు ఆళ్లగడ్డలోనే తెలిసింది. తెలియనిది ఇంకొకటి ఉండేది. ఒకే పనిని పంచుకునే ఇద్దరికి, ఎంత న్యాయంగా సెలవులిచ్చినా, కలిసి ఉండే రోజు దానంతట అది రాదు. ఎవరో ఒకరు కావాలని కల్పించాలి.

అందుకని ప్రతి డ్యూటీ జతకూ ఏడాదిలో ఒక రోజు ఇద్దరికీ కలిపి సెలవు వేసేదాన్ని. అది పండుగ కానక్కర్లేదు. ఆ రోజు ఆ వార్డు నేను చూసేదాన్ని, లేదా బదులు మనిషిని ముందే పెట్టుకునేదాన్ని. ఆ మనిషి రాకపోతే ఎవరు రావాలో కూడా నిర్ణయించి ఉంచేదాన్ని. కొత్తగా వచ్చిన సూపరింటెండెంటు ఒకాయన ఇది ఏ నిబంధన కింద అని అడిగారు. నిబంధన లేదని, పని సాగుతున్నదని చెప్పాను. రిటైరయ్యే వరకు పట్టికలో మొదట ఆ రోజులు నింపి, ఆ తర్వాతే పండుగలు పంచాను.