గ్లౌజులు తొడుక్కుని మూతలు తీసే అల్లుడు

మా మేనల్లుడిది ఒకటే పిచ్చి. ఏ మూతైనా సరే, చేతులకు దళసరి ఉన్ని గ్లౌజులు తొడుక్కుని కానీ తీయడు. మందు సీసా, కళ్లజోడు పెట్టె, గోడ గడియారం వెనక తలుపు, అన్నిటికీ అదే మర్యాద. మూత రాకపోతే గ్లౌజులు విప్పడు. ఆ మూత చేసినవాణ్ణి నాలుగు తిట్టి సీసాను పక్కన పెడతాడు. అలా పక్కన పెట్టిన సీసాలకే వాడింట్లో ఒక అలమర ఉంది.

ఉద్యోగమేమో ఆటలాడుకునే లాప్‌టాప్‌లు తయారుచేసే కంపెనీలో. ఆ యంత్రాలకు చాకిరీ ఎక్కువ, అందుకని పొయ్యిలా కాగుతాయి. ఫ్యాన్లు ఎక్కడుండాలో, గాలి ఎటు వచ్చి ఎటు పోవాలో, అడుగు మూత ఎలా ఊడాలో తేల్చేది వీడే. నేను ఒకచోట కాలు నిలవని మనిషిని. ఎన్నో ఊళ్లలో ఎన్నో ఇళ్లలో తలదాచుకున్నాను. గాలి ఆడని ఇంట్లో మనుషులు ఊరికే కసురుకుంటారని కనిపెట్టాను. ఆ సంగతి వాడితో అంటే, "లాప్‌టాప్ కూడా అంతే మావయ్యా. ఫ్యాన్‌కి దుమ్ము పట్టిందా, కసురుకోదు, మొరాయిస్తుంది" అన్నాడు, గ్లౌజులతో అగ్గిపెట్టె తెరవడానికి కుస్తీ పడుతూ.

ఆ ఇంట్లోనే వాడి అత్తగారు ఉంటుంది. టైపిస్టుగా చేసి రిటైరైంది. వేళ్ల కీళ్లు బిగుసుకుపోయాయి కానీ, నాలుకకు కీళ్లుండవు కదా.

"ఏం అల్లుడుగారూ, ఇవాళ ఆపరేషన్ ఎవరికి?"

"పంచదార డబ్బాకి అత్తయ్యా."

"బతుకుతుందా?"

"మూత మొండిది. చెప్పలేం."

"అయితే కాఫీ చేదుగానే తాగమంటారు."

ఆవిడకు తెర మీద కారు పందేలంటే ప్రాణం. పిడికిలితో మీటలు గుద్ది, ముందున్న కార్లన్నిటినీ తరిమేది. ఈసారి నేను వెళ్లేసరికి ఆవిడ గది నుంచి చప్పుడు లేదు. లాప్‌టాప్ మీద గుడ్డ కప్పి ఉంది.

"ఆట మానేశారేం వదినగారూ?"

"గెలిచే సమయానికి కారు నత్తలా పాకుతోందన్నయ్యగారూ. లోపల దుమ్మట. తుడవాలంటే అడుగున సూదిమొనంత మరలు. నా వేళ్లకు లొంగవు."

"అల్లుణ్ణి అడిగితే నిమిషంలో చేసిపెడతాడు కదా?"

"చేస్తారు. అందుకే అడగను. నెలనెలా అడుక్కుని ఆడే ఆట నాకొద్దు."

పక్క గదిలో మేనల్లుడు గ్లౌజులతో కలం మూత లాగుతున్నాడు. వాడికి ఈ మాటలు వినిపించాయో లేదో తెలియదు.

మర్నాడు వాడు నన్ను ఆఫీసుకు తీసుకెళ్లాడు. లాప్‌టాప్ ఎన్నడూ విప్పని మనిషి ఒకడు పరీక్షకు కావాలట. ఆ అర్హత నాకు పుష్కలంగా ఉంది. బల్ల మీద రెండు నమూనాలు పెట్టారు. ఒకటి పల్చగా, అడుగున చిన్న చిన్న మరలతో ఉంది. రెండోది మా వాడిది, అడుగున వెడల్పాటి గొళ్లెంతో ఉంది. రెండిట్లో ఏది బజారుకెళ్లాలో వాడి పైఅధికారి పెద్దసారు ఆ పూటే తేల్చాలి.

మా వాడు అందరికీ గ్లౌజులు పంచాడు. పల్చటిది నా చేతుల్లో గిరగిరా తిరిగింది కానీ మూత రాలేదు. పెద్దసారు ఎలాగో ఒక మర తిప్పాడు. అది జారి బల్ల కిందికి పోయింది. అందరం గ్లౌజులతోనే నేలంతా తడిమాం.

"గ్లౌజులు వేసుకుని లాప్‌టాప్ విప్పేదెవరయ్యా?" అని విసుక్కున్నాడు పెద్దసారు, బల్ల కింది నుంచి.

"ఎవరూ విప్పరు సార్. కొందరికి వేళ్లే ఇలా అయిపోతాయి. వాళ్లు వీటిని తీసి పక్కన పెట్టలేరు."

నేను రెండోదాన్ని బోర్లించి, అరచేత్తో గొళ్లెం జరిపాను. మూత ఊడి వచ్చింది. ఫ్యాన్లు ఎదురుగా ఉన్నాయి, కుంచెతో తుడుచుకోవడమే తరువాయి.

"మందం పెరుగుతుందిగా?" అన్నాడు పెద్దసారు, బల్ల కింది నుంచి లేస్తూ.

"బియ్యపు గింజంత సార్. ఆ సందులో గాలి కూడా బాగా ఆడుతుంది."

పెద్దసారు తన గ్లౌజు చేతిని తిప్పి చూసుకున్నాడు. "మా నాన్న మాత్రల డబ్బాకు ఎప్పుడూ మూత పెట్టడు. బద్ధకమనుకునేవాణ్ణి" అన్నాడు. గ్లౌజులు విప్పి, "గింజంతేగా, కానివ్వు" అన్నాడు.

తిరిగొస్తూ, "మీ అత్తగారికి చెప్పనా?" అన్నాను.

"వద్దు మావయ్యా. తనకోసం చేశానని తెలిస్తే ముట్టుకోరు."

వారం తిరక్కుండా ఆ నమూనా ఇంటికొచ్చింది. "కంపెనీవాళ్లు పరీక్షకిచ్చారత్తయ్యా. తప్పులు పట్టాలి" అని ఆవిడ ముందు పెట్టాడు. తప్పులు పట్టమంటే ఆవిడకు పండగే. అరచేతి మడమతో గొళ్లెం జరిపింది. మూత తీసింది, కుంచెతో ఫ్యాన్ తుడిచింది, మూత మళ్లీ వేసేసింది.

"ఇంత తేలికైతే ఇందులో మీ గొప్పేముంది అల్లుడుగారూ?"

"ఏమీ లేదత్తయ్యా" అన్నాడు వాడు, ప్రమోషన్ వచ్చినవాడిలా వెలిగిపోతూ.

ఆ సాయంత్రం గదిలో కార్లు మళ్లీ హోరెత్తాయి. మా వాడు వసారాలో కూర్చుని, మొదటిసారిగా వట్టి చేతులతో నీళ్ల సీసా మూత తిప్పుతున్నాడు. అది రావడం లేదు. ఎర్రబడ్డ మొహంతో ఇంకోసారి తిప్పాడు.

ఆవిడ తెర మీంచి చూపు తిప్పకుండానే అంది: "గ్లౌజులు తొడుక్కోండి అల్లుడుగారూ. అలవాటైన చేతులు."