పడేదాన్ని పట్టుకోకూడదు

చిన్నోడు బిజినెస్ స్కూల్లో చేరడానికి ఇల్లు వదిలిన రోజు, నాన్న స్టేషన్ దాకా రాలేదు. ఎవరిదో కిటికీ అద్దం కొయ్యాల్సి ఉంది. "గీత గీశాక ఆపకూడదురా" అన్నాడు. నిజమే, గీసి వదిలేసిన అద్దం తర్వాత చెప్పిన చోట విరగదు. కాకపోతే ఆ గీత సరిగ్గా రైలు వేళకే ఎందుకు గీశాడో చిన్నోడు అడగలేదు, ఆయన చెప్పలేదు.

వాళ్లది అద్దాల దుకాణం. కిటికీలకీ బల్లలకీ ఫొటోలకీ అద్దాలు కోసి బిగిస్తారు. పని చేసేది నాన్న, అన్నయ్య, చిన్నోడు. ఆ దుకాణంలో మొదటి పాఠం కొయ్యడం కాదు, వదిలెయ్యడం. జారిపోతున్న అద్దాన్ని పట్టుకోబోతే అది పట్టుకున్న చేతినే కోస్తుంది. నాన్నకి కుర్రతనంలో అలాగే తెగింది. కుడిచేతి వేళ్లు రెండు ఇప్పటికీ వంగవు. అందుకే కొడుకులకి ఈ పాఠం నోటితో చెప్పలేదు, ఒంటికి ఎక్కించాడు. పనిలో ఉండగా ఉన్నట్టుండి బల్ల మీంచి ఓ డబ్బా మూత తోసేసేవాడు. చెయ్యి చాచినవాడి నెత్తిన మొట్టికాయ. రెండు చేతులూ పైకెత్తి అడుగు వెనక్కి దూకినవాడికి మొట్టికాయ తప్పేది. ఆయన దగ్గర మెప్పంటే అంతే.

"పడేది పడనీరా. అద్దం ఇంకోటి వస్తుంది, చెయ్యి రాదు."

కొన్నాళ్లకి దానికి ఆలోచనతో పని లేకుండా పోయింది. భోజనాల దగ్గర చెంచా జారినా ముగ్గురూ చేతులెత్తి వెనక్కి దూకేవాళ్లు. అమ్మ పొట్ట పట్టుకుని నవ్వేది. "పోలీసులొచ్చారా ఏంటి? దొరికిపోయిన దొంగల్లా నిలబడ్డారు! దించండి చేతులు." వదిన కాపురానికొచ్చిన కొత్తలో జడుసుకుంది. తర్వాత్తర్వాత కావాలనే చెంచాలు పడేసేది.

చిన్నోడికి పుస్తకాల పిచ్చి. పాత పుస్తకాల కొట్లో అద్దం బిగిస్తే కూలికి బదులు పుస్తకాలు మోసుకొచ్చే రకం. ఎవరూ చెప్పకుండానే చదివాడు, ఎవరికీ చెప్పకుండానే పరీక్ష రాశాడు. సీటు వచ్చాక చెప్పక తప్పలేదు.

"ఇంత చదివి ఏం చేస్తావురా?" అన్నాడు నాన్న.

"దుకాణం పెద్దది చేస్తా."

"చిన్నదైతే ఏం రోగం?"

స్కూలు భవనం అంతా అద్దమే. అక్కడ అందరూ అద్దంలోంచి చూస్తారు. అద్దాన్ని చూసేవాడు చిన్నోడొక్కడే. ఏ మూల బిగింపు వదులైందో, ఏ పలకకి అంచు పెచ్చు లేచిందో నడుస్తూనే కనిపించేది. చెప్పుకోడానికి మనిషి లేడు. క్లాసులో వాళ్లు ఏదో అని నవ్వుకునేవాళ్లు. ఆ నవ్వు చల్లారాక ఇతనికి జోకు అర్థమయ్యేది. అప్పుడు ఒక్కడే నవ్వితే ఏం బాగుంటుంది? మెస్సులో పళ్లెం పట్టుకుని బల్లల మధ్య తిరిగి తిరిగి, చివరికి చేతులు కడిగే చోటుకి ఆనుకున్న బల్ల దగ్గర కూర్చునేవాడు. అక్కడ ఎవరూ కూర్చోరు, అంచేత ఎవరూ లెమ్మనరు.

ఆ బల్ల దగ్గరికి పళ్లెం పట్టుకుని తనంతట తాను వచ్చినవాడు హాస్టల్ గదిలో రెండో మంచం అతను. బ్యాంకులో ఉద్యోగం చేసి వచ్చాడని అందరూ అతన్ని "బ్యాంకు" అనేవాళ్లు. నోటికి గడియ లేని మనిషి.

"నువ్వు మాట్లాడవు, నేను ఆగను. భలే కుదిరాం పో" అన్నాడు.

తన గ్రూపులో చేర్చుకున్నాడు. క్లాసులో చిన్నోడు నీళ్లు నములుతుంటే బల్ల కింద కాలితో తన్ని, "చెప్పరా, తెలుసుగా నీకు" అనేవాడు. ఆ ఊరు మొత్తానికి చిన్నోడికి ఉన్న మనిషి అతనొక్కడే. అతనూ పోతే మళ్లీ చేతులు కడిగే బల్లే గతి అని చిన్నోడికి బాగా తెలుసు. అందుకే అతని బట్టలు కూడా ఆరేసి మడత పెట్టేవాడు. అడిగితే "అడ్డంగా ఉన్నాయని తీశా" అనేవాడు.

మొదటి టర్ము చివర్లో గ్రూపులన్నీ వేదిక ఎక్కి తమ పని చెప్పుకోవాలి. బ్యాంకు మాట్లాడుతుంటే చిన్నోడు పక్కన నిలబడి తెర మీద బొమ్మలు మార్చాలి, అదీ ఏర్పాటు. బ్యాంకు ఊపులో ఉన్నాడు. తెర వైపు చెయ్యి చూపిస్తూ వెనక్కి ఒక అడుగు వేశాడు, ఇంకో అడుగు వేశాడు. మూడో అడుగుకి కింద వేదిక లేదు. పడుతూ పడుతూ చిన్నోడి వైపు చెయ్యి చాచాడు. అందేంత దూరంలోనే ఉన్నాడు చిన్నోడు.

చిన్నోడు రెండు చేతులూ పైకెత్తి అడుగు వెనక్కి దూకాడు.

బ్యాంకు మణికట్టు విరిగింది. ముందు వరసలో ఎవడో ఫోన్లో అంతా తీస్తున్నాడు. సాయంత్రానికి ఆ వీడియో చూడనివాడు లేడు. తెల్లారేసరికి చిన్నోడికి కొత్త పేరు వచ్చింది, "సరెండర్". అమ్మ నవ్వుతూ అన్న మాటే ఇది. కాకపోతే ఇక్కడ చేతులు దించమనేవాళ్లు లేరు.

ఆస్పత్రికి వెళ్లి, దుకాణం గురించీ మూతల గురించీ నాన్న వేళ్ల గురించీ అంతా చెప్పాడు. ఆ ఊరొచ్చాక అతను ఒక్క దమ్మున అన్ని మాటలు మాట్లాడింది అదే.

"అంటే నేను అద్దాన్నా?" అన్నాడు బ్యాంకు.

"కాదురా. చేతులు వాటంతటవే..."

"లేచాయి. చూశాగా. పడేవాడికి అన్నీ బాగా కనిపిస్తాయి." నవ్వాడు. "పోనీలే, కావాలని చేశావా ఏంటి."

చిన్నోడికి ప్రాణం లేచొచ్చింది. మంచం పక్కనున్న నీళ్ల సీసా తీసి అందించబోయాడు.

"అక్కడ పెట్టు. నేను తీసుకుంటాలే" అన్నాడు బ్యాంకు.

బయటికి వచ్చి ఇంటికి ఫోన్ చేశాడు. అన్నయ్య ఎత్తాడు. వెనక అంచులు నూరే మిషను చప్పుడు.

"ఏరా చిన్నోడా, గొంతు అలా ఉందేం?"

చెప్పాడు. అన్నయ్య అంతా విని, "నీకేం తగల్లేదుగా?" అన్నాడు. లేదనగానే అటు తిరిగి కేకేశాడు. "నాన్నా, విన్నావా? పక్కన మనిషి పడిపోతుంటే మనోడు చేతులెత్తి వెనక్కి దూకాడంట!"

మిషను ఆగింది. నాన్న నవ్వు వినిపించింది. ఫోన్ ఆయన చేతికి మారింది.

"చెయ్యి బాగుందిగా?"

"బాగుంది నాన్నా."

"అదీ!" అని పెట్టేశాడు.

పుట్టి బుద్ధెరిగాక నాన్న నోట విన్న మొదటి మెప్పు అది. దాన్ని ఏం చేసుకోవాలో చిన్నోడికి తెలియలేదు.

రెండో టర్ముకి కొత్త గ్రూపులు కట్టారు. "మాది నిండిపోయిందిరా, చెబుదామనే అనుకున్నా" అన్నాడు బ్యాంకు. ఆ వారమే కింది అంతస్తుకి గది మార్పించుకున్నాడు. మెట్లు ఎక్కడం కష్టంగా ఉందన్నాడు. విరిగింది మణికట్టు, కాలు కాదు. ఆ మాట చిన్నోడు నాలుక చివరి దాకా తెచ్చుకుని మింగేశాడు. పెట్టె తనే మోసుకెళ్లాడు. మెట్ల మీద బ్యాంకు ఏదేదో కబుర్లు చెబుతూనే ఉన్నాడు, నవ్విస్తూనే ఉన్నాడు. కానీ గోడవారగా నడిచాడు, బాగున్న చెయ్యి మాత్రం గోడకున్న కమ్మీ మీంచి తియ్యలేదు.

"ఉంటా మరి. వస్తూ ఉండు" అన్నాడు తలుపు దగ్గర. కోపం ఉంటే బతిమాలుకోవచ్చు. కోపం లేని మనిషిని ఏమని బతిమాలతాడు?

ఆ ఆదివారం మధ్యాహ్నం, వదిన సర్ది ఇచ్చిన డబ్బా మూత ఒకటి తీసి బల్ల అంచున పెట్టాడు చిన్నోడు. ఎడమచేత్తో తోశాడు. చేతులు రెండూ పైకి లేచాయి, కాలు వెనక్కి పోయింది. మూత ఖంగుమని పడి గుండ్రంగా తిరిగి ఆగింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ అంతే.

పక్కగది వాడు గోడ మీద గుద్దాడు. "ఒరేయ్ సరెండర్, ఏంట్రా ఆ గోల?"

"మూత పడింది!"

"ఎన్నిసార్లు పడుతుందిరా ఒక మూత?"

కింద దుప్పటి పరిచాడు. తోస్తూనే ఉన్నాడు. కిటికీలో వెలుగు పలచబడేవేళకి, చేతులు లేవబోయి తటపటాయించాయి. ఆ తర్వాత ఎప్పుడో కుడిచెయ్యి లేవలేదు, కిందికి పోయింది. చూస్తే వేళ్ల మధ్య మూత ఉంది.

కిందికి పరిగెత్తి చూపిద్దామా అనుకున్నాడు. ఏమని చూపిస్తాడు, డబ్బా మూత పట్టుకున్నాననా? ఇంటికి ఫోన్ చేద్దామనుకున్నాడు. అక్కడ ఇది చెప్పుకునే సంగతి కాదు. సెలవులకి వెళ్లి దుకాణంలో నిలబడితే, ఎదురుగా అద్దం జారితే, ఈ చెయ్యి ఇప్పుడు ఎటు పోతుందో అతనికే నమ్మకం లేదు.

మూత అంచు వేలికి ఒత్తుకుని ఎర్రటి గీత పడింది. దాన్ని కాసేపు చూసుకున్నాడు. తర్వాత మూతని మళ్లీ బల్ల అంచున పెట్టాడు.