పురుగుమాత్రల పాలైన కెమెరాలు

తెనాలి రైసుమిల్లు గోడౌనులో, గోనెకట్టల వెనక ఒక ఇనపపెట్టెలో మూడు పాత కెమెరాలు దొరికిన రోజున, పూర్ణచంద్రరావు గారి కుటుంబానికి తాము వంశపారంపర్య కళాకారులమన్న సంగతి హఠాత్తుగా గుర్తుకొచ్చింది. అప్పటిదాకా ఆ ఇంట కళ అంటే పెళ్లిమంటపానికి కట్టించే పూలపందిరి. కెమెరాలతోపాటు నెగెటివుల కట్ట కూడా దొరికింది. అందులో పద్నాలుగు ఏరి, నిలువెత్తున అచ్చు వేయించి, బాపట్లలో హాలు మాట్లాడి, ప్రదర్శనకు 'బసవపున్నయ్య గారి కంట డెల్టా' అని పేరు పెట్టేశారు. బసవపున్నయ్య పూర్ణచంద్రరావు తండ్రి. మిల్లుతోపాటు ఒకప్పుడు ఫోటో స్టూడియో కూడా నడిపించినవాడు. పోయి పన్నెండేళ్లయింది.

ఆయన కంటి గురించిన నిజం ఇది: స్టూడియోలో ఉన్నన్నాళ్లూ అది గల్లాపెట్టె మీదనుంచి కదలలేదు. పంతొమ్మిదేళ్లపాటు కెమెరా పట్టింది అక్కడ జీతానికున్న అంద్రెయ. ఆదివారం ఆరాధన ముగిశాక, యజమానిని అడిగి ఆ కెమెరానే మెడకు తగిలించుకుని, సొంత డబ్బుతో కొన్న ఫిల్ము ఎక్కించుకుని, సైకిలు మీద చుండూరు పొలాలకో అడవులదీవి రేవుకో పోయేవాడు. ఆ పద్నాలుగు బొమ్మలూ ఆ ఆదివారాలవే. స్టూడియో మూసేసినప్పుడు కెమెరాలతోపాటు నెగెటివులూ లోపలే ఉండిపోయాయి.

ఇప్పుడతనికి డెబ్బై. రేపల్లె స్టేషను రోడ్డులో చిన్న గదిలో ఫోటోలకు చట్రాలు కడుతున్నాడు. ఒక ఉదయం పూర్ణచంద్రరావు కొడుకు శశిధర్ ఫోను చేశాడు.

"అంద్రెయ గారండీ, మా తాతగారి కెమెరాలు ఒకసారి చెక్ చేసి పెట్టాలండి. ప్రారంభోత్సవం రోజు నాన్నగారు వాటిల్లో ఒకదాంతో మొదటి ఫోటో తీస్తారు. మీరు తాతగారి దగ్గర హెల్పర్‌గా చేశారట కదా."

హెల్పర్! అంద్రెయ ఫోను చెవినుంచి తీసి, ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో కనబడుతుందేమోనన్నట్టు దానివంక చూశాడు. మర్నాడు మొదటి రైలుకే తెనాలి వెళ్లాడు. కెమెరాల కోసం కాదు. ఆ బొమ్మల కింద తన పేరు వేయించుకోవడానికి.

అయినా పని పనే. మిల్లు ఆఫీసు బల్లమీద తెల్లగుడ్డ పరిపించి, కిటికీలు మూయించి, మొదటి కెమెరా లెన్సులోకి టార్చి కొట్టాడు. అద్దం నిండా సాలెగూడులా బూజు. అది డెల్టా గాలి చేసే మామూలు అపకారం, క్షమించవచ్చు. కెమెరా వెనక తలుపు తెరిస్తే లోపలి రాగిముక్కలన్నీ మసిబొగ్గుల్లా ఉన్నాయి. రెండోదీ అంతే, మీట నొక్కితే ఉలుకూ పలుకూ లేదు.

"గోడౌనులో ఏం మందు పెడతారు బాబూ?"

"పురుగుమాత్రలండి, బియ్యానికి పెట్టేవే. కెమెరాలకి కూడా పురుగు పట్టకూడదని నాన్నగారు పెట్టెలో నాలుగు ఎక్కువే వేయించేవారు, ఏటా."

"ఏటానా?"

"ఒక్క ఏడు కూడా తప్పలేదండి!" అన్నాడు శశిధర్ గర్వంగా.

ఆ మాత్రల వాయువు పురుగునే కాదు, రాగినీ ఇత్తడినీ కూడా తింటుంది. తమ ఎరుకలో ఉన్న ఏకైక వస్తువు బియ్యం కాబట్టి లోకంలో సమస్తాన్నీ బియ్యంలాగే కాపాడాలనుకున్న ఆ తెలివికి అంద్రెయ మనసులోనే నమస్కారం పెట్టాడు.

మూడోది మాత్రం సగం బతికి ఉంది. నిలువుపెట్టెలా, ముందు రెండు లెన్సులతో, నడుము దగ్గర పట్టుకుని పైనుంచి వంగి చూడవలసిన కెమెరా. స్టూడియో మూసిన రోజున దాన్ని ప్లాస్టిక్ సంచుల్లో మూడు చుట్లు చుట్టి తాడు బిగించింది అంద్రెయే. మీట తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని నొక్కాడు. నెమ్మది వేగాల దగ్గర షట్టర్ ముసలివాడిలా మూలిగింది. హెచ్చు వేగాల దగ్గర ఠక్కుమంది. ఫిల్ము ఆనే చోట పల్చటి నూనెకాగితం అంటించి, కిటికీ తీయించి, ఎదుటి గోడ దానిమీద తేటగా పడుతోందో లేదో చూశాడు. పడింది. లోపల ఫిల్ము చట్రం అంచున, తను ఆకురాయితో రాసిన చిన్న గాడి కూడా కనిపించింది. కడగడానికి పంపినప్పుడు వేరే స్టూడియోల నెగెటివులతో కలిసిపోకుండా పెట్టుకున్న గుర్తు.

పూర్ణచంద్రరావు అప్పుడే లోపలికి వచ్చాడు. "ఏం అంద్రెయా, ఎట్టా ఉంది మా నాన్న సొత్తు?"

"ఇదొక్కటి పనిచేస్తదండి. బొమ్మలు తీసింది నేను గదండీ, కింద నా పేరు వేయించండి."

"పొలం దున్నినోడి పేరు దస్తావేజులో రాస్తారంట్రా ఎక్కడైనా?" అని నవ్వాడాయన.

ఆ కుటుంబం తమ కళాచరిత్రలో నిజాయితీగా పలికిన వాక్యం అదొక్కటే.

శశిధర్ చదువుకున్నవాడు, మర్యాదగా అడిగాడు: "రుజువేమన్నా ఉందా అండి?"

అంద్రెయ ఆ గాడి వల్ల నెగెటివు అంచున పంటిగాటులా పడిన నల్లగుర్తు చూపించాడు. పద్నాలుగింటికీ ఉంది.

"కానీ కెమెరా తాతగారిదే కదండి. గుర్తు కెమెరాని చెప్తది గానీ, ఎవరి చేతిలో ఉందో చెప్పదు కదా."

కోపమొచ్చినా అంద్రెయకు ఆ తర్కంలో తప్పు దొరకలేదు. బల్ల చివర అచ్చయి ఉన్న పేరుచీటీలు చేతిలోకి తీసుకున్నాడు. మొదటిది: 'పేరు తెలియని వ్యవసాయ కూలీ. ఛాయాచిత్రం: బసవపున్నయ్య.'

"పేరు తెలియకపోవడమేంటి బాబూ?" అన్నాడు. కెమెరా అప్పజెప్పి, నేరుగా చుండూరు బస్సెక్కాడు.

ప్రారంభోత్సవం నాడు బాపట్ల హాలు పట్టుచీరలతో, పూలగుత్తులతో నిండిపోయింది. విజయవాడనుంచి తెప్పించిన ఫిల్మును అంద్రెయే ఎక్కించి ఇచ్చాడు. పూర్ణచంద్రరావు కెమెరాను, నడుము దగ్గర పట్టవలసినదాన్ని, పైకెత్తి, పై మూత లోపలికి కన్ను ఆనించాడు. లెన్సులు రెండూ నేలను చూశాయి. చప్పట్ల మధ్య మీట నొక్కాడు. 'తండ్రి కన్ను వారసత్వంగా పొందిన' ఆ పెద్దమనిషి తీసిన మొదటి బొమ్మ తన చెప్పులది.

సరిగ్గా అప్పుడే, అంద్రెయ చుండూరునుంచి వెంటబెట్టుకొచ్చిన యాభై ఏడేళ్ల మనిషి ఒకామె అతని పక్కన, మొదటి బొమ్మ ముందు నిలబడింది. బొమ్మలో వంగి నాటువేస్తూ, తలెత్తి విరగబడి నవ్వుతున్న పిల్ల ఆమే. "ఇది నేనే గదా!" అన్న ఆమె మాటకు జనం మూగారు. శశిధర్ ముఖం వెలిగింది. జవాబు తెలియని ప్రశ్న సాక్షిని అడగకూడదని అతనికెవరూ నేర్పలేదు.

"పెద్దమ్మా, మా తాతగారు ఈ ఫోటో ఎప్పుడు తీశారండీ?"

"మీ తాతా? ఆయన చేలో కాలెప్పుడు పెట్టాడు నాయనా!" అంది మాణిక్యమ్మ. "ఈ అంద్రెయన్న తీశాడు. మోకాలిలోతు బురదలో దిగి, 'కదలమాకక్కా' అన్నాడు. నాకంటే అంత పెద్దోడు నన్ను అక్కంటాడేంటని నవ్వొచ్చింది. ఇదిగో, ఆ నవ్వే. ఇంతలో పిక్కకి జలగ పట్టింది. కెమెరా వదల్డు, కాలు దులపడు! నా అన్నం గిన్నెలో ఉప్పు తీసి నేనే వేశా."

ఎవరో నవ్వారు. అందరూ మళ్లీ బొమ్మవంక చూశారు. నారుకొనల ఎత్తునుంచి, నీటికి జానెడు పైనుంచి చూసిన చూపు అది. గట్టున నిలబడ్డవాడికి దొరికేది కాదు.

పూర్ణచంద్రరావు గొంతు తగ్గించాడు. "సర్లే అంద్రెయా, కింద చిన్నక్షరాల్లో 'సహకారం' అని నీ పేరు కూడా వేయిద్దాం."

అంద్రెయ గోడకున్న పేరుచీటీ ఊడదీసి, వెనక్కి తిప్పి, శశిధర్ జేబులో పెన్ను అడిగి తీసుకున్నాడు. 'మాణిక్యమ్మ, చుండూరు' అని ముందు రాశాడు. దాని కింద 'తీసినది: అంద్రెయ, రేపల్లె' అని రాసి, చీటీని ఉన్నచోటే అంటించాడు.

"మిగతా పదమూడూ ఊడదీసుకురా బాబూ," అన్నాడు. "పేర్లు చెప్తా, రాసుకో."

శశిధర్ తండ్రివైపు చూశాడు. ఆయన తల వంచుకుని, కెమెరా మూత మూసే మార్గం కోసం వెతుక్కుంటున్నాడు. కాసేపటికి శశిధర్ రెండో చీటీ మీద చెయ్యి వేశాడు.